తెంచాలన్నా రాడికలే, అతకాలన్నా రాడికలే

2020లో కరోనా కమ్ముకొచ్చినప్పుడు ప్రపంచ దేశాలన్నీ ఒక తెల్లటి పలచని గుడ్డ కోసం పోటీపడ్డాయి. మూడు పొరల సర్జికల్ మాస్కులో నడిమి పొర అది. పేరు మెల్ట్‌బ్లోన్. సూక్ష్మమైన తుంపర్లను పట్టి ఆపే అసలు పని ఆ నడిమి పొరదే. దాన్ని మగ్గం మీద నేయరు, సూదులతో అల్లరు. కరిగిన పాలీప్రొపిలీన్‌ను సన్నటి రంధ్రాల గుండా వదులుతూ, రెండు పక్కల నుంచి వేడిగాలిని మహా వేగంతో కొడతారు. ఆ దెబ్బకు ధార సాగిపోయి, ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మందం ఉన్న పోగులుగా మారి కింద కదిలే జాలీ మీద పరచుకుంటుంది. తల వెంట్రుక మందంలో ఒక్కో పోగు పదోవంతుకు మించదు. 1950లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో వాన్ వెంటే ఈ పద్ధతికి పునాది వేశారు.

బియ్యం బస్తా, సిమెంటు బస్తా, ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ మూత కూడా తరచుగా పాలీప్రొపిలీన్‌తో చేసినవే. అయినా బస్తా పట్టీలు తీసే గ్రేడును తెచ్చి మెల్ట్‌బ్లోన్ యంత్రంలో పోస్తే మాస్కు గుడ్డ రాదు. అది కరిగినా ముద్దగానే ఉంటుంది, గాలికి సాగదు. దానికన్నా కొన్ని వందల రెట్లు జారుగా ప్రవహించే పాలీప్రొపిలీన్ కావాలి. దాన్ని తయారుచేసే ముఖ్యమైన దారుల్లో ఒకటి, మామూలు పాలీప్రొపిలీన్ యంత్రంలో కరిగి ఉండగానే దాని అణువులను ముక్కలు చేయడం. ఆ పని చేసేవి ఫ్రీ రాడికల్స్.

ఫ్రీ రాడికల్ అనగానే మనకు వయసు మీద పడటం, చర్మం ముడతలు, ఆరోగ్యం పాడవటం గుర్తొస్తాయి. ప్లాస్టిక్ విషయంలోనూ దానికి ఆ చెడ్డపేరు ఉంది. ఎండలో వదిలేసిన తాడు పొడిపొడిగా రాలిపోవడానికి కారణం అదే. కానీ అదే రాడికల్‌ను ఎప్పుడు పుట్టించాలో, ఎంత పుట్టించాలో తెలిస్తే ప్లాస్టిక్‌ను తెంచవచ్చు, అతకవచ్చు, అంటని రెండింటిని అంటించవచ్చు. రాడికల్‌ను అణచిపెట్టడంతోనే సరిపెట్టుకోకుండా దాన్ని నడిపించడం నేర్చుకోవాలి. రేపటి ప్లాస్టిక్ రీసైక్లింగ్ ఎంతవరకు సాగుతుందో చాలామటుకు ఆ నేర్పే తేలుస్తుంది.

పొడవు తగ్గితే జారుదనం పెరుగుతుంది

పాలీప్రొపిలీన్ అణువు ఒక పొడవాటి గొలుసు. ప్రొపిలీన్ అనే చిన్న వాయు అణువులు వేల సంఖ్యలో వరసగా కలిస్తే అది తయారవుతుంది. ప్రొపిలీన్ అణుభారం 42. అంటే అణుభారం 4,20,000 ఉన్న గొలుసులో పదివేల ప్రొపిలీన్ లంకెలు ఉంటాయి. 1954లో ఇటలీలోని మిలాన్‌లో జూలియో నట్టా ఈ లంకెలన్నీ ఒకే తీరుగా తిరిగి ఉండే గట్టి పాలీప్రొపిలీన్‌ను సాధించారు. అంతకు ఏడాది ముందు జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకాలే అందుకు ఆధారం. 1963లో ఇద్దరూ కలిసి రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు.

కరిగినప్పుడు ఈ గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ముద్ద కదలాలంటే ఒక్కో గొలుసూ ఆ చిక్కుల్లోంచి జారి బయటపడాలి. గొలుసు పొడుగయ్యేకొద్దీ ఇది ఎంత కష్టమో శాస్త్రజ్ఞులు కొలిచారు. చిక్కదనం అణుభారానికి దాదాపు 3.4వ ఘాతంలో పెరుగుతుంది. పొడవు రెట్టింపయితే చిక్కదనం పది రెట్లు దాటుతుంది. దీన్నే తిరగేసి చూడండి. ప్రతి గొలుసునూ నట్టనడుమ ఒక్కసారి తెంచగలిగితే చాలు, చిక్కదనం పదోవంతుకు పడిపోతుంది.

ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో ఈ గుణాన్ని రోజూ కొలుస్తారు. గ్రాన్యూల్స్ కొనేటప్పుడు గ్రేడు పేరుతో పాటు అడిగే ఎంఎఫ్‌ఐ, అంటే మెల్ట్ ఫ్లో ఇండెక్స్, ఇదే. పరికరం చిన్నదే. నిలువుగా ఒక ఉక్కు గొట్టం, దాని అడుగున 2.095 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న డై. గొట్టాన్ని 230 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి నాలుగైదు గ్రాముల గ్రాన్యూల్స్ పోస్తారు. అవి కరిగాక పిస్టన్ దించి, దాని మీద 2.16 కిలోల బరువు పెడతారు. అడుగు నుంచి దిగే తీగను నిర్ణీత సెకన్లకొకసారి కోసి, ముక్కలను తూచి, పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు దిగుతుందో లెక్కగడతారు.

బస్తా పట్టీలు తీసే రఫియా గ్రేడుకు ఈ అంకె 3 దగ్గర ఉంటుంది. తీగ లావుగా, తాపీగా దిగుతుంది. కోసే మనిషికి తొందరేమీ ఉండదు. మెల్ట్‌బ్లోన్ గ్రేడుకు అదే అంకె 1,200 నుంచి 1,500 వరకూ ఉంటుంది, ఇంకా పైకి పోయేవీ ఉన్నాయి. 1,200 అంటే సెకనుకు రెండు గ్రాములు. గొట్టంలో పోసిందంతా రెండు మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది, కత్తి ఆడించే వ్యవధే దొరకదు. అందుకే ఇలాంటి గ్రేడులకు తీగను కోసి తూచే బదులు పిస్టన్ దిగే వేగాన్ని యంత్రమే కొలుస్తుంది.

జత లేని ఎలక్ట్రాన్

రెండు పరమాణువుల మధ్య మామూలు బంధమంటే ఒక జత ఎలక్ట్రాన్లు. ఆ బంధాన్ని నడిమికి చీల్చి చెరో ఎలక్ట్రాన్ పంచితే, రెండు వైపులా జత లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్కలు మిగులుతాయి. అవే రాడికల్స్. జత కోసం అవి పక్కనున్న అణువు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటాయి, లేదా మరో రాడికల్‌తో కలిసిపోతాయి. అందుకే చాలా రాడికల్స్ ఆయుష్షు సెకనులో అతి చిన్న భాగం.

అసలు ఇలాంటివి విడిగా ఉండగలవని 19వ శతాబ్దం చివర్లో చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ మరేదో పదార్థం తయారుచేయబోయారు. ఆయన చేతికొచ్చింది గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసిపోయే పసుపుపచ్చటి ద్రావణం. అందులో ఉన్నది ట్రైఫినైల్‌మిథైల్ అనే ఫ్రీ రాడికల్ అని ఆయన ధైర్యంగా ప్రకటించారు. శాస్త్రలోకం దాన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

పాలిథిన్ పుట్టుకలో కూడా రాడికల్ పాత్ర ఉంది. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువును బెంజాల్డిహైడ్‌తో కలిపి విపరీతమైన ఒత్తిడికి గురిచేశారు. పాత్రలో తెల్లటి మైనం లాంటి పదార్థం కొద్దిగా మిగిలింది. మళ్లీ చేస్తే ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. 1935లో మైకేల్ పెరిన్ బృందం దాన్ని నిలకడగా రాబట్టింది. ఇథిలీన్‌లో లేశమాత్రంగా కలిసిన ఆక్సిజన్ రాడికల్స్‌ను పుట్టించి గొలుసును మొదలుపెడుతోందని ఆ తర్వాత తేలింది. ఆ లేశం ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ఫలితం లేదు. రాడికల్‌తో పని ఎప్పుడూ ఇలా కొలతతోనే ముడిపడి ఉంటుంది.

ఫ్యాక్టరీలో కోరినప్పుడు రాడికల్స్ పుట్టించడానికి ఆర్గానిక్ పెరాక్సైడ్లు వాడతారు. వీటి అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు పక్కపక్కన ఉంటాయి. ఆ రెంటి మధ్య బంధం చాలా బలహీనం. కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్లు కావాలి. ఆక్సిజన్-ఆక్సిజన్ బంధానికి అందులో సగం కూడా అక్కర్లేదు. వేడి తగలగానే ముందు తెగేది అదే. ఏ పెరాక్సైడ్ ఎంత వేడికి ఎంత సేపట్లో సగం విడిపోతుందో పట్టికలున్నాయి. పాలీప్రొపిలీన్‌కు ఎక్కువగా వాడే, పరిశ్రమలో డీహెచ్‌బీపీ అని పిలిచే పెరాక్సైడ్ 180 డిగ్రీల దగ్గర సుమారు నిమిషంలో సగం విడిపోతుంది. 220 డిగ్రీల దగ్గర అయితే కొన్ని సెకన్లు చాలు. పాలీప్రొపిలీన్ కరిగి నడిచేది సరిగ్గా ఆ వేడిలోనే.

బారెల్ లోపల ఒక్క నిమిషం

ఎక్స్‌ట్రూడర్‌ను మన వంటింటి జంతికల గొట్టానికి పెద్దన్న అనుకోవచ్చు. చేత్తో నొక్కే పిడికి బదులు లోపల మర తిరుగుతూ పిండిని ముందుకు తోస్తుంది, గొట్టం చుట్టూ హీటర్లు ఉంటాయి. రసాయన చర్యల కోసం వాడే యంత్రాల్లో సాధారణంగా రెండు స్క్రూలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఒకే దిశలో తిరుగుతాయి. హాపర్ నుంచి గ్రాన్యూల్స్ పడతాయి, మధ్యలో కరుగుతాయి, పిసకబడతాయి, వాక్యూమ్ కింద వాయువులు పోగొట్టుకుంటాయి, చివర డై గుండా తీగలుగా వచ్చి నీళ్లలో చల్లబడి మళ్లీ గ్రాన్యూల్స్‌గా తెగుతాయి. హాపర్ నుంచి డై వరకు ప్రయాణం సుమారు ఒక నిమిషం. ద్రావకం అక్కర్లేదు, రియాక్టర్ అక్కర్లేదు. ప్లాస్టిక్‌కు రూపం ఇచ్చే యంత్రమే రసాయన పాత్ర అవుతుంది. దీన్ని రియాక్టివ్ ఎక్స్‌ట్రూజన్ అంటారు.

ఆ నిమిషంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ మీద జత లేని ఎలక్ట్రాన్ ఉన్న రాడికల్స్ పుడతాయి. పాలీప్రొపిలీన్ గొలుసులో రెండు కార్బన్లకొకసారి ఒక కార్బన్‌కు పక్కకు మిథైల్ గుంపు ఒకటి తగిలి ఉంటుంది. ఆ కార్బన్ మూడు కార్బన్లతో కలిసి ఉండటం వల్ల దాని మీద ఉన్న ఒంటరి హైడ్రోజన్ మిగతా వాటికన్నా తేలిగ్గా ఊడివస్తుంది. రాడికల్ ముందుగా దాన్నే లాక్కుంటుంది. ఇప్పుడు ఎలక్ట్రాన్ లోటు గొలుసు మీదికి వచ్చింది.

అలా మిగిలిన కార్బన్ చుట్టూ ఇరుకు ఎక్కువ. మరో గొలుసు రాడికల్ వచ్చి దానితో అతుక్కోవడం కష్టం. దానికన్నా తేలికైన దారి, తన పక్క కార్బన్‌కు అవతల ఉన్న బంధాన్ని తెంచుకోవడం. దీన్నే బీటా ఛేదనం అంటారు. గొలుసు రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క చివర ద్విబంధం ఏర్పడి అది శాంతిస్తుంది. రెండో ముక్క చివర కొత్త రాడికల్ మిగిలి, మరో గొలుసు మీద నుంచి హైడ్రోజన్ లాక్కుని, తెంపును అక్కడికి మోసుకుపోతుంది.

ఇందుకు కావలసిన పెరాక్సైడ్ చాలా తక్కువ. పోగు తీసే గ్రేడు కోసం టన్ను పాలీప్రొపిలీన్‌కు కొన్ని వందల గ్రాములు చాలు. మెల్ట్‌బ్లోన్ కోసం మోతాదు కిలోల్లోకి పోతుంది. గొలుసులు అంత పొడవైనవి కాబట్టి టన్నులో వాటి సంఖ్య తక్కువ. సగటున గొలుసుకు ఒకటి రెండు తెంపులు పడితేనే స్వభావం మారిపోతుంది.

ఈ తెంపులో ఇంకో మేలు కూడా ఉంది. రాడికల్ ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. అయితే పొడవాటి గొలుసులో లంకెలు ఎక్కువ కాబట్టి దెబ్బ తగిలే అవకాశమూ దానికే ఎక్కువ. రియాక్టర్ నుంచి వచ్చిన పాలీప్రొపిలీన్‌లో బాగా పొడవైనవి, బాగా పొట్టివి కలగలిసి ఉంటాయి. పెరాక్సైడ్ పడ్డాక పొడవైనవి ముందు తెగి, అన్నీ దాదాపు ఒక తీరుకు వస్తాయి. పోగు తీసేటప్పుడు ధార ఉన్నట్టుండి తెగిపోకుండా సమంగా సాగడానికి ఇది తోడ్పడుతుంది. ఇలా తయారయ్యేవాటిని కంట్రోల్డ్ రియాలజీ గ్రేడులు, పొట్టిగా సీఆర్ గ్రేడులు అంటారు. ఒకే రియాక్టర్‌లో ఒకే రకం పొడి తయారుచేసుకుని, ఎక్స్‌ట్రూడర్‌లో పెరాక్సైడ్ మోతాదు మార్చి పలు గ్రేడులు తీయవచ్చు.

ఖర్చు లేని లాభం కాదు ఇది. పెరాక్సైడ్ విడిపోయాక ఎసిటోన్, టెర్ట్-బ్యుటనాల్ వంటి చిన్న అణువులు మిగులుతాయి. వాటిని వాక్యూమ్‌తో సరిగ్గా లాగెయ్యకపోతే వాసన వస్తుంది. పెరాక్సైడ్ గ్రాన్యూల్స్‌లో సమంగా కలవకపోతే ఒకచోట అతిగా తెగి, మరోచోట ముద్దగా మిగిలిపోతుంది. పైగా పెరాక్సైడ్‌ను చల్లని చోట, నిప్పుకు దూరంగా నిల్వచేయాలి. అందుకే చాలా ఫ్యాక్టరీలు దాన్ని ద్రవంగా కాక, పాలీప్రొపిలీన్‌లో ముందే కలిపిన మాస్టర్‌బ్యాచ్ రూపంలో వాడతాయి.

అదే పెరాక్సైడ్, తలకిందుల ఫలితం

ఇప్పుడు అదే పెరాక్సైడ్‌ను పాలీప్రొపిలీన్ బదులు పాలిథిన్‌లో వేస్తే ఏమవుతుంది? చిక్కదనం తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఇంకా వేస్తే అసలు ప్రవహించడమే మానేస్తుంది.

తేడా అంతా ఆ మిథైల్ గుంపులో ఉంది. పాలిథిన్ గొలుసులో ఎక్కువ భాగం పక్క గుంపులు లేని కార్బన్లే. వాటి మీద రాడికల్ పుట్టినా చుట్టూ ఇరుకు లేదు. గొలుసు తెగడానికి ఒత్తిడీ తక్కువే. మరో గొలుసు మీద ఉన్న రాడికల్ ఎదురైతే రెండూ చేయి కలిపి కొత్త బంధం కట్టుకుంటాయి. అలా గొలుసుకు గొలుసు అడ్డంగా ముడిపడుతూ పోతే చివరకు ముద్దంతా ఒకే వలగా మారుతుంది. దీన్ని క్రాస్‌లింకింగ్ అంటారు. పక్కకు తగిలిన ఒక చిన్న గుంపు ఉందా లేదా అన్న తేడా, ఒకచోట తెంపుకు, మరోచోట అతుకుకు దారితీస్తోంది. రసాయన శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచే సంగతుల్లో ఇదొకటి.

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో గిల్బర్ట్, ప్రెకోపియో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని విద్యుత్ కేబుళ్లకు పనికొచ్చేలా మలిచారు. మామూలు పాలిథిన్ తొడుగున్న కేబుల్ 70 డిగ్రీల దగ్గరే జాగ్రత్తపడాలి. ఆపైన అది మెత్తబడుతుంది. క్రాస్‌లింక్ చేసిన పాలిథిన్, అంటే ఎక్స్‌ఎల్‌పీఈ, నిరంతరంగా 90 డిగ్రీలు ఓర్చుకుంటుంది. షార్ట్ సర్క్యూట్ అయిన కొద్ది సెకన్లలో 250 డిగ్రీల దాకా వేడెక్కినా కరిగి కారదు. మన నగరాల్లో భూమిలో వేస్తున్న 11 కేవీ, 33 కేవీ కేబుళ్లలో రాగి లేదా అల్యూమినియం చుట్టూ ఉండేది ఎక్కువగా ఇదే.

ఇక్కడ కొలత, సమయం మరీ కీలకం. ఎక్స్‌ట్రూడర్‌లోనే అతుకు మొదలైతే స్క్రూ చుట్టూ గడ్డకట్టి యంత్రం ఆగిపోతుంది. అందుకే పాలిథిన్‌ను తక్కువ వేడిలో, సుమారు 130 డిగ్రీల దగ్గర కరిగించి తీగ చుట్టూ పూస్తారు. తర్వాత పొడవాటి గొట్టంలో ఒత్తిడితో ఉన్న వేడి నైట్రోజన్ గుండా నడిపిస్తారు. పెరాక్సైడ్ అక్కడ విడిపోయి అతుకు పని పూర్తిచేస్తుంది. ఎక్కువగా వాడే డైక్యుమైల్ పెరాక్సైడ్ విడిపోతే మీథేన్, అసిటోఫినోన్ వంటివి మిగులుతాయి. మీథేన్ మండే వాయువు కాబట్టి, హై వోల్టేజ్ కేబుళ్లను వేడి గదుల్లో రోజుల తరబడి ఉంచి దాన్ని బయటికి పోనిస్తారు.

ఇంకో దారి ఉంది. 1960ల చివర్లో డౌ కార్నింగ్ కంపెనీ దాన్ని తెచ్చింది. కొద్దిపాటి పెరాక్సైడ్‌తో పాలిథిన్ గొలుసు మీద వినైల్ సైలేన్ అనే అణువును అంటిస్తారు. ఇంతవరకే రాడికల్ పని. ఆ తర్వాత కేబుల్‌ను వేడి నీళ్లలోనో ఆవిరిలోనో ఉంచితే, నీరు లోపలికి ఇంకి సైలేన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అంటే గొలుసు మీద చేతులు మొలిపించే పని యంత్రంలో, ఆ చేతులు కలిపే పని యంత్రం బయట. తక్కువ వోల్టేజ్ తీగలు చేసే చిన్న ఫ్యాక్టరీలకు కూడా ఇది అందుబాటులోకి వచ్చింది.

అంటని వాటిని అంటించడం

వంటనూనె ప్యాకెట్ తీసుకోండి. చేతికి ఒకే ఫిల్మ్‌లా తగులుతుంది కానీ, చాలా నూనె ప్యాకెట్లలో ఐదు పొరలుంటాయి. లోపలా బయటా పాలిథిన్, నడుమ నైలాన్. నైలాన్ ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వదు, నూనె కంపెక్కకుండా కాపాడుతుంది. పాలిథిన్ తేమను ఆపుతుంది, వేడి చేసి అతికించడానికి వీలిస్తుంది. చిక్కల్లా పాలిథిన్, నైలాన్ ఒకదానికొకటి బొత్తిగా అంటవు. పాలిథిన్ నూనె గుణం ఉన్నది. నైలాన్‌కు నీటితో మైత్రి.

ఈ రెంటి మధ్య పలచటి అంటింపు పొర ఒకటి వేస్తారు. అది మాలిక్ అన్‌హైడ్రైడ్ అంటించిన పాలిథిన్. ఎక్స్‌ట్రూడర్‌లో పెరాక్సైడ్ గొలుసు మీద రాడికల్ పుట్టిస్తుంది. అక్కడికి మాలిక్ అన్‌హైడ్రైడ్ వచ్చి అతుక్కుంటుంది. మొత్తం బరువులో అది ఒక శాతానికి అటూ ఇటూ ఉంటే చాలు. నైలాన్ గొలుసుల చివరలో ఉండే అమైన్ గుంపులు దానితో చర్య జరిపి నిజమైన రసాయన బంధం కట్టుకుంటాయి. ఇక పొరలు విడిపోవు.

ఇదే ఉపాయంతో గాజు నార కలిపిన పాలీప్రొపిలీన్‌తో కారు భాగాలు చేస్తారు, పాలీప్రొపిలీన్‌లో రంపపు పొట్టు కలిపి పలకలు చేస్తారు. అయితే పాలీప్రొపిలీన్‌లో ఒక తగాదా ఉంది. రాడికల్ పుట్టగానే మాలిక్ అన్‌హైడ్రైడ్ వచ్చి అతుక్కోవాలి. ఈలోపే గొలుసు తెగిపోతే అణుభారం పడిపోతుంది. అందుకని కొద్దిగా స్టైరీన్ కలుపుతారు. అది రాడికల్‌ను తొందరగా అందుకుని, తెగే అవకాశం ఇవ్వకుండా మాలిక్ అన్‌హైడ్రైడ్‌ను కూడా లాక్కొస్తుంది. ఎక్స్‌ట్రూడర్ ముందు నిలబడే కెమిస్టుకు నిత్యం ఉండే పని ఇదే. తెంపుకు, అతుకుకు, అంటింపుకు మధ్య పోటీలో తనకు కావలసిన దాన్ని ముందుకు తేవాలి.

పిలవకుండా వచ్చే రాడికల్స్

మనం పెరాక్సైడ్ వేయకపోయినా ప్లాస్టిక్‌లో రాడికల్స్ పుడుతూనే ఉంటాయి. ఎక్స్‌ట్రూడర్ వేడి, స్క్రూ పిసుకుడు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఉత్ప్రేరకం నుంచి మిగిలిన లోహాల జాడలు, ఇవన్నీ కారణాలే. గొలుసు మీద ఒక రాడికల్ పుడితే గాలిలోని ఆక్సిజన్ వెంటనే దానితో కలుస్తుంది. ఆ పుట్టిన కొత్త రాడికల్ పక్క గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుని హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది. హైడ్రోపెరాక్సైడ్‌లోనూ అదే బలహీనమైన ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం. అది తెగితే ఒకటికి రెండు రాడికల్స్. నష్టం తనను తానే పెంచుకుంటూ పోతుంది. 1940లలో ఇంగ్లండ్‌లో బొలాండ్, గీ రబ్బరు మీద పనిచేస్తూ ఈ క్రమాన్ని విడమరిచి చూపారు.

పాలీప్రొపిలీన్ దీనికి మరీ లోకువ. రక్షణ లేకుండా వదిలేస్తే అది నిలవదు. అందుకే రియాక్టర్ నుంచి వచ్చిన పొడిలో గ్రాన్యూల్స్ చేసేటప్పుడే యాంటీఆక్సిడెంట్లు కలుపుతారు. ఫినాల్ రకం అణువులు తమ హైడ్రోజన్‌ను రాడికల్‌కు ఇచ్చి దాన్ని చల్లబరుస్తాయి. ఫాస్ఫైట్ రకానివి హైడ్రోపెరాక్సైడ్‌ను రాడికల్స్ పుట్టకముందే హరిస్తాయి. ఎండలో ఉండే కుర్చీలకు, నీళ్ల ట్యాంకులకు హిండర్డ్ అమైన్లు వేస్తారు. అవి నైట్రాక్సిల్ అనే మరో రాడికల్‌గా మారి కాపలా కాస్తాయి. ఈ రాడికల్ ప్లాస్టిక్‌ను ముట్టదు. గొలుసు మీద పుట్టిన రాడికల్‌ను మాత్రం పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌ను రక్షించేదాంట్లో కూడా రాడికల్ భాగం తీసుకోవడం విశేషం.

రీసైక్లింగ్‌లో అసలు చిక్కు

వాడేసిన ప్లాస్టిక్‌ను కడిగి, ముక్కలు చేసి, మళ్లీ ఎక్స్‌ట్రూడర్‌లో కరిగించి గ్రాన్యూల్స్, వాడుకలో చెప్పాలంటే దాణా, తీస్తారు. ఈ ప్రయాణం చేసిన ప్రతిసారీ పైన చెప్పిన రసాయన చర్య మౌనంగా నడుస్తుంది. పాలీప్రొపిలీన్ గొలుసులు తెగి, ఎంఎఫ్‌ఐ పెరుగుతూ పోతుంది. ఒకప్పుడు బస్తాకు పనికొచ్చింది ఇప్పుడు పెళుసుగా మారుతుంది. పాలిథిన్‌లో చాలా రకాలు దీనికి ఎదురుగా అతుకుతూ పోతాయి. చిక్కదనం పెరిగి, ఫిల్మ్ తీసేటప్పుడు జెల్ గింజలు కనిపిస్తాయి. అక్కడే కవరు చిరుగుతుంది.

చెత్తలో ఈ రెండూ కలిసే వస్తాయి. సీసా పాలిథిన్ అయితే, దాని మూత తరచుగా పాలీప్రొపిలీన్. పెరాక్సైడ్ వేసి పాలీప్రొపిలీన్‌ను సరిచేద్దామంటే పాలిథిన్ గడ్డకడుతుంది. పాలిథిన్‌కు బలం ఇద్దామంటే పాలీప్రొపిలీన్ నీరుగారుతుంది. దానికి తోడు పాత ప్లాస్టిక్‌లో మిగిలి ఉన్న యాంటీఆక్సిడెంట్ మనం వేసిన రాడికల్స్‌ను మింగేస్తుంది. ఒక లాటుకు సరిపోయిన మోతాదు ఇంకో లాటుకు సరిపోదు. అందుకే వేరుచేయడం ఎంత ముఖ్యమో, ప్రతి లాటుకూ ఎంఎఫ్‌ఐ చూసి మోతాదు నిర్ణయించడం అంత ముఖ్యం. బాగా వేరుచేసిన పాలీప్రొపిలీన్‌కు తాజా యాంటీఆక్సిడెంట్ అందిస్తే తెంపు నెమ్మదిస్తుంది. కొన్ని సందర్భాల్లో కావాలనే పెరాక్సైడ్‌తో దాన్ని పోగు గ్రేడుకు తీసుకుపోవచ్చు. చిక్కటి బస్తా ప్లాస్టిక్ నుంచి జారే గ్రేడు తీయడం సాధ్యమే. ఆ దిశలో రాడికల్ మనకు సాయపడుతుంది. తెగిన గొలుసులను తిరిగి పొడుగు చేయడం మాత్రం అంత తేలిక కాదు.

పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కే ప్రయత్నంలో ఉన్నారు. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, చాపెల్ హిల్‌లో ఫ్రాంక్ లీబ్‌ఫార్త్, ఎరిక్ అలెక్సానియన్ బృందాలు 2022లో సైన్స్ పత్రికలో ఒక పద్ధతిని ప్రచురించాయి. గొలుసు నుంచి హైడ్రోజన్‌ను ఎక్కడ తీయాలో ఎంచుకునే రాడికల్‌ను వాళ్లు రూపొందించారు. పెరాక్సైడ్ రాడికల్ తేలిగ్గా దొరికే హైడ్రోజన్ వైపు పోతే, గొలుసు తెగుతుంది. తన ఆకారం వల్ల ఇరుకైన చోటికి పోలేని రాడికల్ అయితే వేరే చోట హైడ్రోజన్ తీస్తుంది, గొలుసు నిలుస్తుంది. అక్కడ కావలసిన గుంపును తగిలించవచ్చు. వాడి పారేసిన పాలీఓలెఫిన్ల (పాలిథిన్, పాలీప్రొపిలీన్ వంటి వాటి) మీద, ప్లాస్టిక్ వ్యర్థాలను నడిపే యంత్రాల్లోనే దీన్ని చేసి చూపారు. ఒక శాఖలున్న పాలీఓలెఫిన్ మీద విద్యుదావేశం ఉన్న (అయానిక్) గుంపులు తగిలించి, దాన్ని గట్టి సాగే రబ్బరు లాంటి పదార్థంగా మార్చారు. ఫ్యాక్టరీ స్థాయికి రావడానికి ఖర్చు, కారకం తయారీ, భద్రత వంటి ప్రశ్నలు దాటాలి. కానీ దిశ మాత్రం స్పష్టంగా ఉంది. తెంపును భరించడం మాని తెంపును తప్పించే రాడికల్ వైపు రసాయన శాస్త్రం నడుస్తోంది.

మన చేతిలో ఉన్న పని

మన దేశంలో ఈ రసాయన శాస్త్రం ఇప్పుడు చట్టంతో కూడా ముడిపడింది. 2022లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాటాను 2025-26 నుంచి 30 శాతంగా, 2028-29 నాటికి 60 శాతంగా నిర్దేశించాయి. అంకెలు రాయడం తేలిక. ఆ 60 శాతం రీసైకిల్ దాణాతో డబ్బా పగలకుండా, మూత ఇరుక్కోకుండా, వాసన రాకుండా చేయడమే కష్టం. ఆ బాధ్యత చివరికి పడేది హైదరాబాద్ కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్ల మీద. వాటిలో మంచి యంత్రం ఉంటే సరిపోదు. ఎంఎఫ్‌ఐ పరికరం ఉండాలి, ప్రతి లాటునూ కొలిచే అలవాటు ఉండాలి, పెరాక్సైడ్‌నూ యాంటీఆక్సిడెంట్‌నూ గ్రాముల్లో తూచి వేసే మనిషి ఉండాలి.

ఆ మనిషిని తయారుచేయడం మన చదువులు చేయగలిగిన పని. కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్‌కు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్లాస్టిక్ అంటే అచ్చుల గురించి, యంత్రాల గురించి చెబుతాం. యంత్రం లోపల నిమిషంపాటు నడిచే రసాయన చర్యను కూడా అంతే శ్రద్ధగా చెప్పాలి. పాలీప్రొపిలీన్ ఎందుకు తెగుతుందో, పాలిథిన్ ఎందుకు అతుకుతుందో తెలిసిన ఆపరేటర్, చెత్త లాటు ముందు నిలబడి దాన్ని ఏ దారిలో నడిపించాలో తేల్చుకోగలడు. ఇంట్లో మనమూ ఒక పని చేయవచ్చు. మూతను సీసా నుంచి, పాల కవరును బిస్కెట్ కవరు నుంచి వేరుచేసి ఇస్తే, అతని మోతాదు లెక్క సగం మన ఇంట్లోనే తేలిపోతుంది.